స్లైడ్ ఉన్న ట్రక్ క్యాంపర్ కొనేముందు మీ పికప్ ఎంత మోస్తుందో లెక్క తేల్చుకోండి

పికప్ వెనక బెడ్‌లో పెట్టుకునే గదుల్లాంటి ట్రక్ క్యాంపర్లు అమ్మే చోట మిమ్మల్ని లోపలికి ఎక్కించగానే సేల్స్‌మన్ చేసే మొదటి పని ఒక బటన్ నొక్కడం. గోడ మెల్లగా బయటికి జరుగుతుంది. దాన్నే స్లైడ్ అంటారు. ఇరుకు గది కాస్తా హాలు అయిపోతుంది. పిల్లలు సోఫా మీద గెంతుతారు, మీ ఆవిడ మీ వైపు చూస్తుంది. చాలామంది ఆ నిమిషంలోనే కొనేస్తారు. నేనూ దాదాపు కొనేశాను. "మీది త్రీ క్వార్టర్ టన్ డీజిల్ కదా, హాయిగా మోసేస్తుంది" అన్నాడాయన. సంతకానికి ముందు ఇన్సూరెన్స్ కాగితం కోసం ట్రక్కు దగ్గరికి వెళ్ళి తలుపు తీశాను. పిల్లర్ మీద ఉన్న స్టిక్కర్ అప్పుడే మొదటిసారి చదివాను. నా ట్రక్కు మోయగలిగేది 2,240 పౌండ్లు అని ఉంది. నేను కొనబోతున్న క్యాంపర్ ఖాళీ బరువే 2,700.

నాలాగే డాలస్ చుట్టుపక్కల చాలామంది తెలుగువాళ్ళ దగ్గర ఇప్పుడు పికప్‌లున్నాయి. నేషనల్ పార్కులు తిరగడానికి ట్రైలర్ లాగడం ఎందుకు, వెనక బెడ్‌లోనే గది పెట్టుకుందాం అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మీ ట్రక్కు 15,000 పౌండ్లు లాగగలదన్న మాట ఇక్కడ దేనికీ పనికిరాదు. ట్రైలర్ బరువులో ఎక్కువ భాగం దాని చక్రాల మీదే ఉంటుంది. క్యాంపర్ బరువు మొత్తం మీ ట్రక్కు నడుం మీద పడుతుంది. మనం చూడాల్సింది పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు.

1. తలుపు తెరిచి రెండు స్టిక్కర్లకీ ఫొటో తీయండి

డ్రైవర్ తలుపు మూసుకునే చోట ఉంటాయివి. పసుపు రంగు గీత ఉన్నది టైర్ల స్టిక్కర్. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. అదే మీ పేలోడ్. ఇందులో ఫుల్ ట్యాంక్ ఇంధనం లెక్క ముందే తీసేశారు కానీ డ్రైవర్ లెక్క తీయలేదు. అంటే మీరు కూడా సామానే.

రెండోదాని మీద జీవీడబ్ల్యూఆర్ ఉంటుంది. ట్రక్కు, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని మొత్తం బరువు అది. దాని పక్కనే ముందు యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసుకీ) వెనక యాక్సిల్‌కీ విడివిడిగా హద్దులు రాసి ఉంటాయి. వెనక యాక్సిల్ అంకెని గుర్తుపెట్టుకోండి, తర్వాత దానితో పనుంది.

హాఫ్ టన్, త్రీ క్వార్టర్ టన్, వన్ టన్ అనేవి పాతకాలం నుంచి మిగిలిపోయిన పేర్లు. వాటికీ అసలు పేలోడ్‌కీ ఇప్పుడు సంబంధం లేదు. ఒకే మోడల్, ఒకే సంవత్సరం, పక్కపక్కన నిలబెట్టిన రెండు ట్రక్కుల మధ్య పేలోడ్ తేడా వెయ్యి పౌండ్లు కూడా ఉండొచ్చు. డీజిల్ ఇంజనే పెట్రోల్ ఇంజన్ కన్నా కొన్ని వందల పౌండ్లు ఎక్కువ. ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు తలుపుల క్రూ క్యాబ్, సన్‌రూఫ్ ఒక్కొక్కటీ తన వంతు తినేస్తుంది. పైగా వ్యాపారానికి వాడే వాహనాల మీద ఫెడరల్ నిబంధనలు 10,001 పౌండ్ల దగ్గర మొదలవుతాయి కాబట్టి చాలా త్రీ క్వార్టర్ టన్ ట్రక్కుల జీవీడబ్ల్యూఆర్‌ని కంపెనీలు సరిగ్గా 10,000 దగ్గర ఆపేస్తాయి. హద్దు పెరగదు, లోపల ఇంజన్ బరువు పెరుగుతుంది. మిగిలేది తగ్గుతుంది. డీజిల్ అంటే ఎక్కువ మోస్తుందని మనం అనుకుంటాం. అది బాగా లాగుతుంది, మోసేది మాత్రం తక్కువ.

జీవీడబ్ల్యూఆర్ 10,000 దాటిన ట్రక్కుల మీద పసుపు స్టిక్కర్ ఉండకపోవచ్చు. కంగారు పడకండి, తర్వాతి పనితో ఆ అంకె మీరే రాబట్టుకోవచ్చు.

2. ఖాళీ ట్రక్కును కాటా ఎక్కించండి

మన ఊళ్ళో వడ్ల ట్రాక్టర్ మిల్లుకి వెళ్తే లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి వేబ్రిడ్జి ఎక్కుతుంది. రెండింటికీ తేడా తీస్తే ధాన్యం బరువు తేలుతుంది. ఇక్కడా అదే పని, కాకపోతే ఖాళీతో మొదలుపెడతాం.

హైవేల పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాప్‌లలో క్యాట్ స్కేల్ అనే కాటా బోర్డు చూసే ఉంటారు. పైలట్, ఫ్లయింగ్ జే, లవ్స్ లాంటి చోట్ల ఎక్కువగా ఉంటాయి. మనం ఎక్కడికెళ్ళినా ఆగే బకీస్‌లో వెతక్కండి, అక్కడ పెద్ద లారీలకి ప్రవేశమే లేదు. ట్యాంక్ నింపి, మామూలుగా ట్రక్కులో ఉండే సామాన్లన్నీ ఉంచి, మీరొక్కరే వెళ్ళండి. కాటాలో మూడు పలకలుంటాయి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఆగేలా మెల్లగా ఎక్కించండి. మాట్లాడే బటన్ లారీ డ్రైవర్ కిటికీ ఎత్తులో ఉంటుంది. మొదటిసారి నేను కిటికీలోంచి ఎంత సాగినా చెయ్యి అందలేదు, దిగి వెళ్ళి మునివేళ్ళ మీద నిలబడి నొక్కాను. వెనక పద్దెనిమిది చక్రాల లారీ ఆగి చూస్తోంది. కంపెనీ పేరేంటని అడుగుతారు, ప్రైవేట్ అని చెప్పండి. తర్వాత పక్కన పార్క్ చేసి లోపల చీటీ తీసుకోవాలి. ఇంత ఇబ్బంది వద్దనుకుంటే వాళ్ళ యాప్‌లోనే పని అయిపోతుంది. ఖర్చు ఒక కుటుంబానికి దోసెలు తిన్నంత కూడా కాదు.

చీటీ మీద స్టీర్ యాక్సిల్ అంటే ముందుది, డ్రైవ్ యాక్సిల్ అంటే వెనకది, గ్రాస్ అంటే మొత్తం. నా పాత ట్రక్కు గ్రాస్ 8,060 వచ్చింది. 10,000 లోంచి తీసేస్తే మిగిలింది 1,940. స్టిక్కర్ 2,240 అంది కదా, 300 ఎక్కడికి పోయింది? నా బరువు 180. మిగతా 120 బెడ్ మీద వేయించిన కవర్, పక్కన మెట్లు, వెనక సీటు కింద ఎప్పటి నుంచో మర్చిపోయిన పనిముట్ల పెట్టె. ట్రక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చాక మీరు బిగించినదేదీ స్టిక్కర్‌కి తెలియదు. అందుకే స్టిక్కర్ కన్నా చీటీని నమ్మండి.

3. క్యాంపర్ అసలు బరువు మీరే కూడండి

బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది డ్రై వెయిట్. అందులో నీళ్ళు ఉండవు, గ్యాస్ ఉండదు. చాలాసార్లు ఏసీ, బయట నీడకి పరిచే ఆనింగ్, రెండో బ్యాటరీ కూడా ఉండవు, ఎందుకంటే అవి ఆప్షన్లు. ఆప్షన్లు లేని క్యాంపర్ షోరూంలో మీకు కనిపించదు.

దీనికన్నా నమ్మదగింది క్యాంపర్ మీదే అతికించిన బరువు లేబుల్. మామూలు పరికరాలు, ఇన్ని గ్యాలన్ల నీళ్ళు, ఇంత గ్యాస్, ఫ్రిజ్ కలిపి ఎంతో దాని మీద రాసి ఉంటుంది. ఆప్షన్ల బరువు మాత్రం విడిగా చూసుకోవాలి. ఆ లేబుల్ అంకె తీసుకుంటే నీళ్ళని మళ్ళీ కలపకండి. నేను మొదట రెండుసార్లు కలిపేసి, ఏ ట్రక్కూ సరిపోదని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను.

డ్రై వెయిట్ నుంచి మొదలుపెడితే మా నలుగురికి లెక్క ఇలా వచ్చింది.

ఒక స్లైడ్ ఉన్న క్యాంపర్ ఖాళీగా 2,700. ఏసీ, ఆనింగ్ 150. మంచినీళ్ళ ట్యాంక్ 30 గ్యాలన్లు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు కాబట్టి 250. వాటర్ హీటర్‌లో నిలిచే నీళ్ళు 6 గ్యాలన్లు, ఇంకో 50. గ్యాస్ 40. రెండు లెడ్ యాసిడ్ బ్యాటరీలు 120. బిగించే గొలుసులు, బ్రాకెట్లు, కింద పరిచే రబ్బరు మ్యాట్ 100. బట్టలు, గిన్నెలు, తిండి, కుర్చీలు, పిల్లల సైకిళ్ళు 450. నలుగురు మనుషులం 470. మొత్తం 4,330.

డ్రై వెయిట్ మీద పదహారు వందలు పెరిగింది. నా ట్రక్కు స్టిక్కర్ అంకెకి దాదాపు రెట్టింపు.

నీళ్ళు నింపకుండా వెళ్ళి అక్కడే నింపుకుంటాం అంటారు కొందరు. ఊరి క్యాంప్‌గ్రౌండ్‌కి అయితే సరే. కానీ ట్రక్ క్యాంపర్ కొనేదే నీళ్ళూ కరెంటూ లేని చోట ఆగడానికి. ఇంకో సంగతి, నీళ్ళు వాడేస్తే బరువు తగ్గిపోదు. స్నానం చేసిన నీళ్ళు కింద గ్రే ట్యాంక్‌లోకి దిగుతాయి. వాటిని పారబోసే డంప్ స్టేషన్ దొరికేదాకా అవి మీతోనే ప్రయాణం చేస్తాయి.

మనవాళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండడానికి వస్తారు, యెల్లోస్టోన్ చూపించాలనే కదా ఈ ఆరాటమంతా. ఇద్దరు పెద్దవాళ్ళంటే ఇంకో 300 పౌండ్లు. ఈరోజు కాగితం మీద ఉన్న నలుగురికి కాదు, వచ్చే వేసవిలో ఆ ట్రక్కు ఎక్కేవాళ్ళందరికీ లెక్క వేయండి.

4. స్లైడ్ అవసరమా అని ఇప్పుడు అడగండి

ఈ ప్రశ్న షోరూంలో కాకుండా అంకెలన్నీ చేతిలో పెట్టుకుని ఇంట్లో వేసుకోవాలి. స్లైడ్ అంటే అదనపు గోడలు, పట్టాలు, మోటారు, సీళ్ళు. దీనికే కొన్ని వందల పౌండ్లు పోతాయి. ఒక స్లైడ్ ఉన్నవి ఎక్కువగా ఖాళీగానే 2,500 నుంచి 3,500 మధ్య ఉంటాయి. మూడు స్లైడ్లున్న పెద్దవాటిలో కొన్ని ఖాళీగానే నాలుగున్నర వేలు దాటుతాయి. అలాంటిది నింపి, మనుషులెక్కితే కొన్ని డ్యూయలీలకి కూడా, అంటే వెనక ఒక్కో పక్క రెండేసి చక్రాలున్న ట్రక్కులకి కూడా, హద్దు దాటిపోతుంది.

నా అభిప్రాయం దాచను. హాఫ్ టన్ ఉన్నవాళ్ళు స్లైడ్ సంగతి మర్చిపోండి, పైకప్పు పైకి లేచే పాప్ అప్ క్యాంపర్లు చూడండి. త్రీ క్వార్టర్ టన్‌లో ఇద్దరే వెళ్తే స్లైడ్ లేని గట్టి గోడల క్యాంపర్ చాలు. కెనడాలోని కెలోనాలో తయారయ్యే నార్తర్న్ లైట్ అసలు స్లైడ్‌లు పెట్టదు, అయినా ఆ క్యాంపర్లకి మంచి పేరుంది. నలుగురు మనుషులు, ఒక స్లైడ్ అంటే మాత్రం డ్యూయలీ చూడాల్సిందే. వన్ టన్‌లో వెనక ఒక్కో చక్రమే ఉన్నది దాదాపు 4,000 మోస్తుందనుకున్నా పై లెక్క దాన్ని కూడా దాటేసింది.

స్లైడ్ కావాలని తేల్చుకుంటే ఒక పరీక్ష పెట్టండి. సేల్స్‌మన్‌ని స్లైడ్ మూసేయమని చెప్పి, అప్పుడు మీరు ఎక్కండి. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా? బాత్‌రూమ్‌లోకి వెళ్ళగలరా? ఫ్రిజ్ తలుపు తీయగలరా? పైన మంచం మీదికి ఎక్కగలరా? దారిలో రెస్ట్ ఏరియాలో పది నిమిషాలు ఆగి పెరుగన్నం తినాలంటే పక్క కారుకి తగిలేలా గోడ బయటికి తీయలేం కదా. నేను చూసిన ఒకదానిలో స్లైడ్ మూస్తే బాత్‌రూమ్ తలుపు అరచేయి వెడల్పు మాత్రమే తెరుచుకుంది. మా అమ్మాయి కూడా దూరలేకపోయింది. దాన్ని అక్కడే వదిలేశాం.

మోటారు పాడైతే చేత్తో తిప్పి లోపలికి లాగే ఏర్పాటు ఎక్కడుందో చూపించమనండి. చూపించలేకపోతే మాన్యువల్ తెరిచి వాళ్ళతోనే వెతికించండి. సెకండ్ హ్యాండ్‌ది అయితే స్లైడ్ మూలల్లో, దాని కింద నేల మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా అనిపిస్తే లోపల చెక్క నానింది, బేరం ఆడకుండా వచ్చేయండి.

5. బరువు ఎక్కడ పడుతుందో చూడండి

క్యాంపర్ పక్కన ఒక బాణం గుర్తు స్టిక్కర్ ఉంటుంది. దాని బరువుకి మధ్యస్థానం అది. బెడ్‌లో పెట్టాక ఆ బాణం వెనక చక్రాల మధ్య బిందువుకి కాస్త ముందు ఉండాలి, వెనక ఉండకూడదు. వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికైపోతాయి, హైవే మీద స్టీరింగ్ చేతిలో తేలుతుంది. పొడవు బెడ్ అంటే 8 అడుగులు, పొట్టివి ఆరున్నర ప్రాంతం. పొడవు బెడ్ కోసం చేసిన క్యాంపర్‌ని పొట్టి బెడ్‌లో పెట్టి బెడ్ వెనక డోర్ తీసేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఈ బాణం ఎక్కడికి వస్తుందో చూపించమనండి. క్యాంపర్ పెట్టగల ట్రక్కులకి, మధ్యస్థానం ఏ హద్దుల మధ్య ఉండాలో తయారీదారు కాగితాల్లో ఇచ్చి తీరాలి. యజమాని మాన్యువల్‌తో పాటు వచ్చే ఆ కాగితాన్ని ఎవరూ చదవరు. చదవండి. కొన్ని ట్రక్కుల విషయంలో అసలు క్యాంపర్ పెట్టొద్దనే రాసి ఉంటుంది.

6. వెనక యాక్సిల్, టైర్లు

మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక యాక్సిల్ దాటిపోవడం చాలా మామూలు. ఎందుకంటే క్యాంపర్ దాదాపు మొత్తం దాని మీదే కూర్చుంటుంది. ఒక్కో చక్రమే ఉన్న వన్ టన్ వెనక యాక్సిల్ ఖాళీగా 3,200 ఉందనుకోండి. దాని మీద 4,000 వేస్తే 7,200. ఎల్‌టీ 275/70ఆర్18 సైజు, లోడ్ రేంజ్ ఇ టైరు 80 పీఎస్‌ఐ గాలితో 3,640 పౌండ్లు మోస్తుంది. రెండు టైర్లు కలిపి 7,280. అంటే 80 పౌండ్ల అంచు మీద, ఆగస్టు ఎండలో, తారు రోడ్డు మీద వెళ్తున్నారన్నమాట. టైరు పక్కన ముద్రించిన అంకె చూసి మీ లెక్క మీరు వేసుకోండి, అదీ ఆ గాలి నింపినప్పుడే వర్తిస్తుంది.

ఈ దశలో ఎవరో ఒకరు ఎయిర్ బ్యాగులు వేయించు, సరిపోతుంది అంటారు. అవి ట్రక్కు వెనక భాగం కుంగకుండా ఆపుతాయి, ఊగడం తగ్గిస్తాయి, మంచివే. కానీ స్టిక్కర్ మీది హద్దుని పౌండు కూడా పెంచవు. యాక్సిల్, చక్రాలు, బ్రేకులు పాతవే. హద్దుకి లోపల ఉన్నవాళ్ళు సౌకర్యం కోసం వేయించుకోవాలి గానీ, దాటినవాళ్ళు దాన్ని కప్పిపుచ్చడానికి కాదు.

7. చిన్నవే, కానీ కొనేముందే చూసుకోవాల్సినవి

బిగించడానికి ఛాసిస్‌కి తగిలించే టై డౌన్‌లే తీసుకోండి, బెడ్ రేకుకి తగిలించేవి వద్దు. డ్యూయలీ వెనక వెడల్పు 8 అడుగుల దాకా ఉంటుంది కాబట్టి క్యాంపర్‌ని పైకి లేపే జాక్‌లలో ముందు వైపువి పక్కకి జరిగే బ్రాకెట్లతో రావాలి. క్యాంపర్ మీ గ్యారేజీలో పట్టదు. ఇంటి ముందు క్యాంపర్ నిలబెట్టనిస్తారో లేదో మీ కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నిబంధనలు చదువుకోండి.

ఎత్తు కొలిచి, ఆ అంకె రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. ఏసీతో కలిపి 11, 12 అడుగులు సులువుగా దాటుతుంది. జయాన్ పార్కు టన్నెల్ దగ్గర 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు ఉంటే చాలు, పెద్ద వాహనం కింద లెక్క. నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్ తెలుగువాళ్ళకి డర్హమ్‌లో గ్రెగ్సన్ వీధి రైలు వంతెన తెలిసే ఉంటుంది. 2019లో దాన్ని 8 అంగుళాలు ఎత్తు పెంచాక కూడా అద్దె లారీల కప్పులు దానికి తగులుతూనే ఉన్నాయి.

8. అన్నీ నింపి మళ్ళీ కాటా ఎక్కండి

నేను ఆ రోజు సంతకం పెట్టకుండా వచ్చేశాను. నాలుగు నెలలు వెతికి, పాత ట్రక్కు అమ్మి, సెకండ్ హ్యాండ్‌లో పెట్రోల్ ఇంజన్ ఉన్న డ్యూయలీ, 8 అడుగుల బెడ్‌ది కొన్నాను. జీవీడబ్ల్యూఆర్ 14,000. నాతో కలిపి ఖాళీ బరువు 7,900. ముందు 4,520, వెనక 3,380. మిగిలింది 6,100. ముందే ఎంచుకున్న ఒక స్లైడ్ క్యాంపర్‌కి అప్పుడే డబ్బు కట్టాను. సాధ్యమైతే మీరూ ముందు క్యాంపర్ ఎంచుకుని, దాన్ని మోసే ట్రక్కుని తర్వాత వెతకండి.

మొదటి ప్రయాణానికి ముందు రోజు నీళ్ళు, గ్యాస్, తిండి, పిల్లలు అందరితో కాటా ఎక్కాం. ముందు 4,640. వెనక 7,620. మొత్తం 12,260. పెరిగిన 4,360 పౌండ్లలో ముందు యాక్సిల్ మీద పడింది 120 మాత్రమే. మిగతాదంతా వెనకే. ఈ ఒక్క వరస చూస్తే వెనక యాక్సిల్ గురించి ఎందుకంత చెప్పానో అర్థమవుతుంది.

7,900కి ఇందాకటి 4,330 కలిపి, రెండుసార్లు వచ్చిన నా 180 తీసేస్తే నా లెక్క ప్రకారం 12,050 రావాలి. 210 ఎక్కువ. ట్రక్ స్టాప్ పార్కింగ్‌లోనే క్యాంపర్ తలుపు తీసి అలమరాలన్నీ వెతికాం. ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు, టేబుల్ టాప్ గ్రైండర్, ఇనప పెనాలు రెండు, మూడు సీసాల ఆవకాయ, మా ఆవిడ నాకు చెప్పకుండా పెట్టిన నీళ్ళ సీసాల కేసులు నాలుగు. హద్దుకి ఇంకా 1,740 ఉంది కాబట్టి గొడవ పడలేదు, గ్రైండర్ ఒక్కటి ఇంట్లో దింపేశాం. అదే పాత ట్రక్కు అయ్యుంటే ఏం దింపినా సరిపోయేది కాదు.

చీటీ గ్లోవ్ బాక్స్‌లో ఉంచండి. ఏదైనా కొత్తగా బిగించినా, ఎవరైనా కొత్తగా ఎక్కినా మళ్ళీ తూకం వేయించండి. 24 గంటల లోపు అదే కాటా మీద రెండోసారి ఎక్కితే తక్కువకే అయిపోతుంది.